బొమ్మల సొంతదారు

పద్మనాభయ్య బొమ్మలు దొంగలపాలైనాయి. దొంగ పేరు వెన్నెల, కృష్ణపట్నంలో బడిపంతులమ్మ. ఆయన పేరు మీద అచ్చయిన పన్నెండు బొమ్మల కథల పుస్తకాలనీ స్కాన్ చేసి తన వెబ్‌సైటులో పెట్టింది. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. ఊరికే దొరికేదాన్ని మళ్ళీ ఎవరు కొంటారు, ఆ సైటు పోతేనే పుస్తకాలు తిరిగి వేస్తానని పబ్లిషరు తెగేసి చెప్పాడు.

అందుకే పద్మనాభయ్య అసలు బొమ్మల కట్ట చంకన పెట్టుకుని, బుచ్చిరెడ్డిపాలెంలో బస్సెక్కి, నెల్లూరులో లాయరు కామాక్షి ఆఫీసుకొచ్చాడు. కామాక్షి పంపిన నోటీసు అందుకున్న వెన్నెల అప్పటికే వచ్చి కూర్చుని ఉంది.

ఇప్పుడు చట్టం గట్టిదని కామాక్షి చెప్పింది. ఇవి నేను గీసినవేనని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి కోర్టుకి వెళితే, ఆ పుస్తకాలనే కాదు, సైటు మొత్తాన్నీ ఆపించవచ్చంది.

"మొత్తం ఆపించమ్మా," అన్నాడాయన.

వెన్నెల బతిమాలింది. తన సైటులో ఇంకా నూటయాభై మంది పాతకాలం చిత్రకారుల పుస్తకాలున్నాయనీ, చాలావాటికి ఇప్పుడు పబ్లిషర్లే లేరనీ, సైటు మూస్తే అవి ఇంకెక్కడా దొరకవనీ చెప్పింది. ఆయన పుస్తకాలు మాత్రం ఈ పూటే తీసేస్తానంది.

"తీసేస్తే అయిపోయిందా?" అన్నాడు పద్మనాభయ్య. "పిల్లకాయలకి పాఠాలు చెప్పేదానివి. ఒకరు కష్టపడి గీసింది ఇంకొకరు తమదన్నట్టు వాడుకుంటే మా ఊళ్ళో దొంగతనమంటారు. మీ కృష్ణపట్నంలో ఏమంటారో నాకు తెలీదు."

"మా ఊళ్ళోనూ అదే అంటారు సార్," అంది వెన్నెల తలొంచుకుని.

కామాక్షి కట్ట విప్పి పైకాగితం బల్ల మీద పరిచింది. పడవ అంచున నిలబడి వల విసురుతున్న ఆడపిల్ల బొమ్మ. అచ్చులో తప్ప అసలు బొమ్మ ఎప్పుడూ చూడని వెన్నెల, ఉండబట్టలేక ముందుకు వంగింది. సిరా గీతల కింద పెన్సిలు చుక్కలు వరసగా కనిపించాయి.

"ఈ చుక్కలేంది సార్?" అని అడిగింది.

కామాక్షి కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి లెక్కపెట్టింది. మధ్యలో పదిహేను చుక్కలు, అటూ ఇటూ తగ్గుతూ ఎనిమిది దాకా.

"ఇది ముగ్గు గదా," అంది నవ్వుతూ. "ముందు చుక్కలు పెట్టుకుని, వాటిని పట్టుకుని బొమ్మ లాగినారు. మా అమ్మ వాకిట్లో ఇట్టనే వేస్తుంది. ఇట్ట గీసే మగవాళ్ళని నేను చూళ్ళేదు సార్. ఇంకెవరికీ రాని పద్ధతి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? జడ్జి ముందర ఒక్క బొమ్మ గీసి చూపిస్తే కేసు అక్కడికక్కడే తేలిపోతుంది. ముందు మాకు చూపించండి."

తెల్లకాగితం, పెన్సిలు ఆయన ముందుకు జరిపింది. కేసు పడబోయేది తన మీదేనన్న సంగతే మరిచిపోయి వెన్నెల కూడా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

పద్మనాభయ్య పెన్సిలు ముట్టుకోలేదు. బొమ్మలన్నీ మళ్ళీ కట్ట కట్టుకున్నాడు. కేసు వద్దన్నాడు. సైటు ఉంటే ఉండనీమన్నాడు.

"అదేంది సార్, ఒక్క బొమ్మే గదా?" అంది కామాక్షి.

"మా ఇంటిది పోయి మూడేళ్ళయింది," అన్నాడు పద్మనాభయ్య గడప దాటుతూ. "ఇంక ఈ మాట నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."