కదిలిన బాణం గుర్తు

తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది.

భర్తకు అన్నం పెట్టొచ్చి, మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చోబోతున్న అనూరాధ ఉలిక్కిపడింది.

ఆమె ఉన్నది కొత్తవలసలో, కాలు విరిగి మంచం పట్టిన భర్త పక్కన. ఆమె నడుపుతున్న కంప్యూటర్ ఉన్నది వంద కిలోమీటర్ల అవతల, శ్రీకాకుళం తీరాన ఓ రొయ్యల ఎగుమతి ఆఫీసులో. రెండు నెలలుగా ఇంటి నుంచే దానిలో పని చేస్తోంది.

మేనేజర్ నరసింగరావు మొదటిరోజే తేల్చి చెప్పాడు.

"పని ఆగనంతకాలం నీ కుర్సీ నీదేనమ్మా. ఒక్క రోజు ఆగినాదంటే ఇంకొకలు కూకుంటారు."

ఇంట్లో ఇప్పుడు సంపాదించేది ఆమె ఒక్కతే. అందుకే బాణం కదలగానే ఎవరో తన కుర్చీకి ఎసరు పెడుతున్నారనుకుంది.

వెంటనే మేనేజర్‌కు ఫోన్ చేసింది. పావుగంటలో ఆయనే తిరిగి చేశాడు.

"తుడిసే ముసల్ది లేదూ, కూర్మమ్మ? ఆ గది తాళం దాని కాడే ఉంటాది. మౌసు తిప్పుతూ దొరికిపోనాది. ఏటి సెయ్యమంటావు?"

నాలుగేళ్లు ఆ గదిలో పనిచేసినా అనూరాధ ఆ పేరు వినడం అదే మొదలు. చీపురు దగ్గరికొస్తే కాళ్లు పైకెత్తడమే తప్ప, ఊడ్చే మనిషి ముఖం ఏనాడూ చూడలేదు.

"పంపించెయ్యండి సార్. కాగితాలు బయటికి పోతే ఎవరిది పూచీ?"

ఆ సాయంత్రమే పంపించేశారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకని అడిగే నాథుడు ఆ ఆఫీసులో లేడు.

దీపాలు పెట్టేవేళ కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"అమ్మా, నాను కూర్మమ్మని. నానేటీ తియ్యనేదమ్మా. అది ఆరిపోతంటే..."

"ఏదైనా ఉంటే మేనేజర్ గారికి చెప్పుకో."

అనూరాధ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు భర్తకు స్నానం చేయించి, పదకొండింటికి వచ్చి చూస్తే ఆఫీసు కంప్యూటర్ అందలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా 'ఆఫ్‌లైన్' అనే వచ్చింది.

అందులోని రొయ్యల కంటెయినర్ కాగితాలు పన్నెండింటిలోగా విశాఖ పోర్టుకు చేరాలి. మేనేజర్ అక్కడే కాచుక్కూర్చున్నాడు.

కంప్యూటర్ బిగించిన కుర్రాడు నవీన్‌కు ఫోన్ చేసింది.

"అక్కడ కరెంటుందేమో కనుక్కోండి మేడమ్."

ఆఫీసు వాచ్‌మన్ అసిరయ్యను కూడా లైన్లోకి తీసుకుంది.

"కరెంటుకేటమ్మా, ఉన్నాది. కిటికీలోంచి సూత్తన్నాను. తెర నల్లగా ఉన్నాది. కింద పెట్టెకి సిన్న లైటు రెప్పలేత్తంది."

"అయితే నిద్రపోయింది మేడమ్," అన్నాడు నవీన్.

"మరి లేపు!"

"దూరం నుంచి లేవదు. ఎవరో ఒకరు వెళ్లి ఓ మీట నొక్కాలి."

"ఎలా నొక్కుతాను బాబూ?" అన్నాడు అసిరయ్య. "మేనేజర్ బాబు పొద్దున్నే పెట్టె ఆన్ సేసి, గదికి తాళమేసి, జేబులో ఏసుకుని వైజాగెల్లిపోనారు. నిన్నటిదాకా అయితే కూర్మమ్మ కొంగునుండేది."

"తాళం పగలగొట్టు అసిరయ్యా!"

"పగలగొడితే నా ఉజ్జోగం పోదేటమ్మా?"

ఆ భయమేమిటో అనూరాధకు తెలుసు.

"నవీన్, రెండు నెలల్లో ఒక్కరోజు కూడా ఇలా అవలేదు. ఇవాళ ఏమొచ్చింది దానికి?"

"ఇవాళ రావడం కాదు మేడమ్, ఇన్నాళ్లూ రాకపోవడమే వింత. ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోయేలా పెట్టింది నేనే. కరెంటు ఆదా అవుతుందని మీ మేనేజర్ గారే పెట్టమన్నారు. మీరు పని ఆపినప్పుడల్లా అది పడుకోవాలి. పడుకోలేదంటే అక్కడ ఎవరో దాన్ని ముట్టుకుంటూ ఉండాలి."

నిన్న కూర్మమ్మ ఫోన్‌లో అనబోయిన మాట అనూరాధకు గుర్తొచ్చింది: 'అది ఆరిపోతంటే...'

పన్నెండు దాటాక మేనేజర్ ఫోన్ చేశాడు.

"కంటెయినర్ ఆగిపోనాది. రేపట్నుంచి మా మేనకోడలు కూకుంటాది. నువ్వు మీ ఆయన్ని సూసుకోమ్మా."

మంచం మీంచి భర్త "ఏటయిందే?" అని అడిగాడు. అనూరాధ, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మళ్లీ అసిరయ్యకే ఫోన్ చేసింది.

"కూర్మమ్మ ఇల్లెక్కడ? నేనొచ్చి మాట్లాడతాను."

"ఇంకెక్కడి కూర్మమ్మ? ఇక్కడ కూడు పెట్టీవోలెవలమ్మా దానికి? గుజరాత్‌లో సేపలేరీ పనుందని, పొద్దున్న రైలుకే ఎల్లిపోనాది."

ఆ వయసులో, అంత దూరం. అనూరాధకు ఏడుపొచ్చింది.

"ఆవిడ నా కంప్యూటర్ ఎందుకు ముట్టుకునేది అసిరయ్యా?"

"అదో పిచ్చిదమ్మా. దాని పెనిమిటి సముద్రం మీద ఏటకెల్లిన నాడు ఇంట్లో దీపం ఆరిపోనాదంట, పడవ మరి రానేదు. మీరెల్లిన కాణ్నుంచీ ఆ గుమ్మంలోనే కూకుని, తెర మసకేసినప్పుడల్లా ఓపాలి ముట్టుకునొచ్చీది. ఎందుకే అనడిగితే, 'ఆ యమ్మ ఊర్ల లేదు కదా, తిరిగొచ్చీదాకా ఆ యమ్మ దీపం ఆరిపోకూడదు' అనీది."