వెనక సీటు మనిషి

సొల్‌జే కొండ కనుమ మొదట్లో రోడ్డు మీద పేరుకున్న మంచు చూసి యురి కారు ఆపిందో లేదో, వెనక తలుపు తెరుచుకుంది.

ఒక భారీ మనిషి వచ్చి ధబ్బున కూర్చున్నాడు. అరవై ఏళ్లుంటాయి. గడ్డం గీసి వారమైనట్టుంది.

"ఎవరు మీరు? దిగండి!"

"పైకే కదా? పోనివ్వు."

"నేనెవర్నీ ఎక్కించుకోను."

"ఈ కారులో ఒక్కదానివే పైకి వెళ్ళలేవు తల్లీ."



ముందు సీట్లో యురి కూతురు, ఆరేళ్ల బొమి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. కనుమ అవతల ఆసుపత్రి. గంటలో ఆపరేషన్ చెయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నాడు ఊళ్ళో డాక్టరు. బండ్లు గుద్దుకుని కొండ కింది సొరంగం దారి మూసేశారు. మిగిలింది ఈ పాత దారే.

వాదించే వ్యవధి లేక, మామగారి పాత కారును ముందుకు పోనిచ్చింది.

అతను దూది కూరిన చలికోటు విప్పి పక్కన పడేశాడు. కారంతా వెల్లుల్లి వాసన.

"పైన మీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఏం పని?"

"పనేం లేదు."

అద్దంలోకి చూసింది. అతను జరిగి జరిగి సరిగ్గా ఆమె వెనక్కి వచ్చాడు. మలుపు దాటగానే మళ్ళీ అటు జరిగాడు.

"నీ పేరేంటి బుజ్జీ?"

"చెప్పకు!" అంది యురి.

అతను నవ్వాడు. "మీ అమ్మకి నా మొహం నచ్చలేదే."

మరో మలుపు.

"బ్రేకు తొక్కకు!" ఉన్నట్టుండి అరిచాడు.

బొమి ఏడుపు లంకించుకుంది. దారిలో మనిషన్నవాడు లేడు. పేపర్లో చదివిన ఘోరాలన్నీ యురికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

పైకి ఇంకో రెండు మలుపులుండగా, కాస్త చదునైన చోట ఆపింది.

"బాబాయ్, వెనక టైరు ఏదో చప్పుడు చేస్తోంది. కాస్త చూస్తారా?"

"అవునా?" అంటూ కంగారుగా దిగి తలుపు వేశాడు.

అతను వంగగానే తలుపులకి లాక్ వేసి కారును ఉరికించింది.

"ఆగు! పిచ్చిపిల్లా, ఆగు!" చేతులూపుతూ వెంటపడ్డాడు. మలుపులో కనుమరుగయ్యాడు.

హమ్మయ్య అనుకునేలోపే కారు ఆమె చేతుల్లో లేకుండా పోయింది. వెనక భాగం ఒకసారి లోయవైపు, ఒకసారి కొండవైపు ఊగింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం అంగుళం అంగుళమే కదులుతోంది. రోడ్డంచునున్న ఇనుప కమ్మీకి రాసుకుంటూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పైకి చేరింది.

పైన, మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే లారీ డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు.

"ఈ బండిలో ఒక్కదానివే ఎలా ఎక్కావమ్మా?" అంటూ వెనక సీట్లో కోటు చూశాడు. "చొల్గు అన్న ఏడీ?"

"ఎవరో... బలవంతంగా ఎక్కాడు. మధ్యలో దింపేశాను. పోలీసులకి చెప్పండి."

డ్రైవరు కిందికి చూశాడు. గాలికి లేచిన మంచులో దారి కనిపించడం లేదు. కోటు లాక్కుని లారీ వైపు పరిగెత్తాడు.

"పాపని తీసుకెళ్ళు! అటువైపు ఉప్పు చల్లేశాం."

"ఆయనెవరు?" అడిగింది యురి.

"వెనక బరువు లేకపోతే, వెనక చక్రాలతో నడిచే ఇలాంటి పాత కార్లు మంచు మీద జారిపోతాయమ్మా, అందుకే ఒంటరిగా వచ్చే వాళ్ళ వెనక సీట్లో కూర్చుని పైదాకా దిగబెట్టి, మళ్ళీ ఏడు కిలోమీటర్లు నడుచుకుంటూ కిందికి పోతాడు."