దేముడమ్మ బోణీ

“ఈపూట నీకు బోణీ అవదు దేముడమ్మా. కోర్టుకి ఎలా ఎల్తావో నానూ సూత్తాను,” అన్నాడు సూరన్న, ఆమె చేపల గంపకి ఎదురుగా కుర్చీ వేసుకుని.

ఫిషింగ్ హార్బర్‌లో బోణీ కాకుండా గంప దగ్గర్నుంచి లేచిన ఆడమనిషి లేదు. లేస్తే గంగమ్మ తల్లి మొహం చాటేస్తుందని వాళ్ల నమ్మకం. దేముడమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు, పురిటి నొప్పులు వస్తున్నా రెండు చేపలు అమ్మాకే ఆసుపత్రికి బయల్దేరిన ఘటికురాలు. సూరన్నకి ఆ విషయం బాగా తెలుసు. అందుకే కొనడానికి వచ్చినవాళ్లని వచ్చినట్టే పక్క గంపల వైపు పంపించేస్తున్నాడు.

పదిన్నరకి ఆమె కూతురు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. పాప పేరు రాయను. తల దించుకోవాల్సింది ఆ పిల్ల కాదు, అయినా రాయను. కేసు యువజన సంఘంలో ఆడపిల్లలకి కబడ్డీ నేర్పే సాయిశంకర్ మీద. ‘సార్ ఉన్నాడు కదా’ అని తల్లులంతా నిశ్చింతగా పిల్లల్ని శిబిరానికి పంపారు. ఆ నమ్మకాన్నే అడ్డం పెట్టుకుని వాడు పద్నాలుగేళ్ల పిల్ల మీద చెయ్యి వేశాడు. పాప రాకపోతే కేసు నిలవడం కష్టమని ప్రభుత్వ వకీలు సుధారాణి ముందే హెచ్చరించింది.

సూరన్న ఆ సంఘానికి అధ్యక్షుడు. సంఘం పరువు పోతోందని అతని బాధ. ఆ పరువు కోసమే ఎనిమిది నెలలుగా హార్బర్‌లో తెలిసినవాళ్లెవరినీ దేముడమ్మ దగ్గర కొననివ్వలేదు. అలాగని జైల్లో ఉన్న సాయిశంకర్ కోసం ఏమైనా చేశాడా అంటే అదీ లేదు. మాటసాయం తప్ప జేబులో చెయ్యి పెట్టే రకం కాదు. వాడి తరఫున సర్కారు ఇచ్చిన వకీలే వాదిస్తున్నాడు.

తొమ్మిదిన్నర అయింది. పాప గంప పక్కన నిలబడి తల్లి మొహంలోకి చూస్తోంది. వెళ్లిపోదామని రెండుసార్లు అడిగింది. దేముడమ్మ రెండుసార్లూ లేవబోయి మళ్లీ కూలబడింది. మనకి చాదస్తంగా కనిపిస్తుంది గానీ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న భయం కాళ్లని అలాగే పట్టేస్తుంది.

అప్పుడు వచ్చింది పెద్దమ్మ.

ఆవిడ పేరేమిటో దేముడమ్మకి తెలియదు. కేసు పెట్టిన వారం నుంచీ రోజూ పొద్దున్నే మధురవాడ నుంచి బస్సులో వచ్చి, బేరం ఆడకుండా బోణీ చేసి పోతుంది. ఆవిడ చెయ్యి తగిలాక బయటివాళ్లు ఎవరో ఒకరు వచ్చి కొనేవారు. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ చేతి చలవే. ఇవాళే ఎందుకో ఆలస్యమైంది.

సూరన్న లేచి అడ్డం నిలబడ్డాడు. ఈ గంపలో కొనొద్దని, ఈవిడ బంగారంలాంటి కుర్రాణ్ణి జైలు పాలు చేసిందని చెప్పాడు. పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

“బంగారమో ఇత్తడో జడ్జీగారు సెప్తారు. తప్పుకో బాబూ,” అని వెళ్లి గంప ముందు చతికిలబడింది. “ఇవాళ ఇంట్లోంచి అడుగు పడలేదమ్మా. రెండు కానాగంతలు ఇయ్యి.”

దేముడమ్మ ప్రాణం లేచొచ్చింది. చేపలు సంచిలో వేస్తూ ఆదివారం తమ ఇంటికి భోజనానికి రమ్మని బతిమాలింది. పెద్దమ్మ తాను చేపలు తిననంది. మరి రోజూ ఎవరికని అడిగితే, కొడుక్కి ఇష్టమని, వాడు ఇప్పుడు ఇంట్లో లేడని, వీధిలో పిల్లులు తింటున్నాయని చెప్పింది.

“కబుర్లకేటిగాని, నువ్వు బేగి ఎల్లమ్మా. పిల్లకి టైమైపోతంది,” అంది.

గంపని పక్కనున్న చిట్టమ్మకి అప్పజెప్పి తల్లీకూతుళ్లు ఆటో ఎక్కారు. సూరన్న కుర్చీ మడత పెట్టుకుని పోయాడు.

కోర్టులో పాప తెర చాటున కూర్చుని ఎక్కడా తడబడకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. సుధారాణి బయటికి వచ్చి, ఇక వాడు తప్పించుకోవడం కల్ల అని పాప భుజం తట్టింది. దేముడమ్మకి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

చూస్తే వరండా చివర బల్ల మీద పెద్దమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో అదే చేపల సంచి. నా అన్నవాళ్లు ఒక్కరూ తోడు రాలేదు, ఈ మహాతల్లి వచ్చిందని దేముడమ్మ గుండె నిండిపోయింది. గబగబా వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకుంది.

“నువ్వు లేకపోతే నా బిడ్డకి నాయం లేదు పెద్దమ్మా. కన్నతల్లి కూడా ఇంత సెయ్యదు. నీ రునం ఎలా తీర్సుకోను?”

పెద్దమ్మ ఆమెని లేవనెత్తి, పాపని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. “రునం నాదేనమ్మా,” అంది మెల్లగా.

ఇంతలో ఇద్దరు కానిస్టేబుళ్లు సాయిశంకర్‌ని బయటికి తీసుకొచ్చారు. దేముడమ్మ చప్పున పాపని తన వెనక్కి లాక్కుంది. వాడు తల్లీకూతుళ్ల వైపు చూడనైనా చూడకుండా వచ్చి పెద్దమ్మ ముందు ఆగాడు.

“ఇప్పుడైనా నీ కొడుక్కో మంచి వకీల్ని పెట్టమ్మా,” అన్నాడు.