ముల్లు ఎక్కడుంది?

షెడ్డు షట్టరు కిందికి దించేసి, గునపం వీల్ స్పానరుతో మెకానిక్ భుజం మీద ఒక్కటిచ్చాడు.

గునపం అతని అసలు పేరు కాదు. ఆ పేరు ఎన్ని కడుపులు చీల్చితే వచ్చిందో అతనికే లెక్క లేదు.

మెకానిక్ చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు. కూలబడ్డాడు.

"నిన్న నీ షెడ్డు ముందు ఒకడు చచ్చాడు. అప్పుడు నీ లోపలిగది కిటికీ తెర కదిలింది. ఎవరది?"

"నేనే."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మా ఆవిడ పుట్టింటికి పోయింది."

"ఏం చూశావు?"

"రెండు పోట్లు. మొదటిది కడుపులో. మోకాళ్ళ మీద పడ్డాక మెడలో ఇంకోటి. నీది నీలం చొక్కా."

గునపం మనసు కుదుటపడింది. వెతుకుతున్నవాడు దొరికాడు. పని ముగించి ఊరు దాటెయ్యడమే తరువాయి. కానీ కారు రెండు రోజులుగా మొరాయిస్తోంది. స్వామికార్యం, స్వకార్యం ఒకేచోట తీరేలా ఉన్నాయి.

"సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజను చచ్చి ఊరుకుంటోంది. బాగుచెయ్యి. ప్రాణాలతో వదిలేస్తా."

మెకానిక్ తడబడుతూ లేచాడు. బానెట్ ఎత్తి, గడియారంలాంటి మీటరు గొట్టాన్ని ఇంజను గాలి పీల్చే మానిఫోల్డుకి తగిలించాడు. మీటరు గునపం చేతిలో పెట్టాడు.

"స్టార్ట్ చేసి వచ్చి ఇది పట్టుకో. ముల్లు ఎక్కడుందో చెప్తూ ఉండు. నా రెండు చేతులూ ఇంజన్లో ఉంటాయి."

గునపం అలాగే చేశాడు. "పచ్చగీతకి బాగా కింద ఉంది."

"వణుకుతోందా?"

"లేదు. రాయిలా నిలబడింది."

"వణికితే వాల్వు పోయినట్టు. యాక్సిలరేటరు తొక్కి ఉంచినప్పుడు మెల్లగా జారిపోతే సైలెన్సరు మూసుకుపోయినట్టు. ఇలా కింద కదలకుండా ఉంటే, గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి పోతున్నట్టు."

మెకానిక్ తల ఓరగా వంచి విన్నాడు. గునపం మొహంలోకి ఒక్కసారీ చూడలేదు. చావు ముందున్నవాళ్ళందరూ అంతే, చూడరు. గునపానికది అలవాటే.

లోపలిగదిలో ఏదో కదిలింది.

మెకానిక్ చేతిలోని పానా ఖంగుమని జారిపడింది. "ఎలుకలు," అన్నాడు.

గునపం అటు అడుగు వెయ్యబోయాడు.

"మీటరు వదలకు. ఇంజను ఆగేలా ఉంది. ముల్లు ఎక్కడుంది?"

గునపం మళ్ళీ మీటరు వైపు తిరిగాడు. మెకానిక్ వేళ్ళు ఒక రబ్బరు గొట్టం వెంట పాకి, ఒకచోట ఆగి, అక్కడి పగులుని గట్టిగా మూశాయి. ముల్లు చివ్వున లేచింది.

"పచ్చగీతలోకొచ్చింది," అన్నాడు గునపం, చిన్నపిల్లాడిలా.

మెకానిక్ గొట్టం మార్చాడు. ఇంజను మెత్తగా, నిలకడగా తిరిగింది.

గునపం స్పానరు ఎత్తాడు. మొదటి దెబ్బకి మెకానిక్ బానెట్ మీదికి ఒరిగాడు. రెండోది చెవి మీద పడింది. తర్వాతి దెబ్బకి పుర్రె పగిలిన చప్పుడు ఇంజను మోతలోనూ వినిపించింది. రక్తం రేడియేటరు మీద పడి చుయ్యిమంది.

సిగ్నల్ దగ్గర కారు ఆగినా ఇంజను ఆగలేదు. ఫోన్లో ఎవరో చెప్పిన ఆనవాళ్ళతో కారుని చుట్టుముట్టింది పోలీసులు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఒకావిడని తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాడు. ఆమె చీరంతా రక్తం. గునపాన్ని తేరిపార చూసి, "నిన్న పొడిచింది ఇతనే," అంది.

గునపం నవ్వాడు. "ఈవిడెవరు సార్? చూసింది ఆ మెకానిక్. వాడే ఒప్పుకున్నాడు, చచ్చేముందు."

"మా ఆయనకి పుట్టుకతోనే చూపు లేదండీ," అందామె, "కిటికీలోంచి చూసిందీ, చూసినదంతా ఆయనకి చెప్పిందీ నేను."