మిరప కళ్లంలో పంతొమ్మిదో నవల

"ఆ నవల ఇటివ్వు!" మిరప కళ్లంలో కాయలకన్నా ఘాటుగా అరిచి, ఆ ఘాటుకే తుమ్మాడు వెంకటరత్నం.

తొడిమలు తీసే కూలీలకు చదివి వినిపిస్తున్న కూతురు ఝాన్సీ, పుస్తకాన్ని వీపు వెనక దాచింది. "నందిగామ లైబ్రరీలోవి సెలవుల్లో ముప్పై చదువుతానని పంతం పట్టా నాన్నా. ఇది పంతొమ్మిదోది. లాక్కోకు!"

"పాప చదువుతుంటే పని చురుగ్గా సాగుతోంది బాబుగారూ," అంది రత్తమ్మ.

"నువ్వూరుకో రత్తమ్మా! ఏమే, నిన్న కథలో ఆ పిల్ల రైలుస్టేషన్లో ఏడుస్తుంటే చదవడం ఆపావు. ఇవాళ తిన్నగా పెళ్లిపీటల మీద కూర్చోబెట్టావు. మధ్యలో పేజీలేవి?"

ఝాన్సీ నాలుక కరుచుకుంది. "లెక్క తొందరగా తేలుతుందని దాటేశా... నీకెలా తెలుసు?"

"బస్తాల వెనక రోజూ చెవులప్పగించి కూర్చుంటున్నా కదే!" అంటూ వెంకటరత్నం కాయల కుప్ప పక్కన చతికిలబడ్డాడు. "ముప్పై కాకపోతే మూడే చదువు. ముందు ఆ పిల్లని రైలెక్కించు!"