కదలని దేవుడు

"ఒరేయ్, నీ ఆటలో ఈ రాయొకటి అడ్డం. ఎంత తోసినా జరగదేం?" అంది అక్క, బటన్లు టకటకా నొక్కుతూ.

తమ్ముడు తయారుచేస్తున్న రోమన్ల కాలం వీడియో గేమ్‌కి మొదటి పరీక్ష ఎప్పుడూ అక్కదే.

"అది రాయి కాదక్కా, దేవుడు. టెర్మినస్ అని, సరిహద్దుల దేవుడు. జరగడు."

"ఏం, అంత పొగరా?"

తమ్ముడికి హుషారొచ్చింది. "రోమ్‌లో పెద్ద దేవుడికి గుడి కట్టాలని, ఆ కొండ మీదున్న చిన్న దేవుళ్ళందర్నీ జరగమన్నారు. అందరూ సరేనన్నారు. ఈయనొక్కడే ససేమిరా అన్నాడు."

"మరి గుడి?"

"ఆయన్ని ఉన్నచోటే ఉంచి, చుట్టూ కట్టారు. ఆయనకి ఆకాశం కనబడాలని కప్పులో కంత కూడా వదిలారు."

"అయితే అడిగినప్పుడు కాదనొచ్చన్నమాట," అంటూ అక్క లేచి, కుట్టుమిషన్ మీది గుడ్డలు మడతపెట్టసాగింది.

రేపట్నుంచి ఈ ముందుగది తమ్ముడి ఆఫీసు. పన్నెండేళ్ళుగా కిటికీ పక్కనున్న మిషన్ వెనకగదికి పోవాలి. పొద్దున తమ్ముడు అడగ్గానే "సరేలే" అంది. అక్క దేనికి కాదంది గనక?

"అటుపక్క పట్టరా."

పట్టాడు. వెనకగదికి కిటికీ లేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఎత్తిన మిషన్‌ని అక్కడే దించేశాడు.

"ఏమైందిరా, బరువా?"

"ఇది ఇక్కడే ఉంటుందక్కా. నా బల్లలే దీని చుట్టూ సర్దుకుంటాను."

అక్క మిషన్ వంకా, కిటికీ వంకా చూసింది. తీరిగ్గా తన స్టూలు మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది.

"సర్లేగానీ, వెళ్ళి టీ పెట్టుకురా. దేవుడన్నాక నైవేద్యం ఉండొద్దూ?"