తీగల కింద తలనొప్పి

"ఆ తీగలే నా తల తినేస్తున్నాయి తిహోమీర్! ఈ బాబు ఇవాళ కొలిచి తేల్చేస్తాడు," అంది దేసాంక, నుదుటికి గుడ్డ బిగించుకుంటూ.

తిహోమీర్ గబగబా ఓ గుక్క కాఫీ తాగాడు. కరెంటు వాళ్ళ ఇంజినీరు కిటికీ దగ్గర నిలబడి మీటరు అటూ ఇటూ తిప్పుతున్నాడు. కిటికీ అవతల, దేసాంక పెరటి మీదుగా కొత్త హై టెన్షన్ తీగలు వేలాడుతున్నాయి.

నిజానికి అవి పక్కనున్న తిహోమీర్ పెరటి మీదుగా పోవలసినవి. స్తంభాలు నాటే చోట గుర్తులు పెట్టడానికి వచ్చినవాళ్ళకు పొగబెట్టిన పంది తొడ, ప్లమ్ పళ్ళ సారా ముట్టజెప్పి ఇటు నెట్టించింది అతనే. ఒంటరి ముసలామె, అడ్డు చెప్పదులే అనుకున్నాడు.

"తీగలేమిటి వదినా, నీ భ్రమ! అది ప్రొమాయా," అన్నాడు ఎప్పటిలాగే.

కిటికీకీ తలుపుకీ మధ్య దూసుకుపోయే గాలే ప్రొమాయా. ఆ ఊళ్ళో పంటిపోటు దగ్గర్నుంచి పెళ్ళి పెటాకులయ్యేదాకా నేరమంతా దానిదే. చలికాలం మొదట్లో దేసాంక తలనొప్పి అనగానే తిహోమీర్ దానిమీదకు తోసేశాడు. మనసు ఊరుకోక తనే వచ్చి కిటికీ సందులన్నీ స్పాంజి పట్టీలతో పూడ్చాడు. రోజూ పొయ్యిలో కట్టెలు కూడా తనే పేరుస్తున్నాడు.

నొప్పి తగ్గలేదు సరికదా, ముదిరింది. ఆమె దగ్గర కాసేపు కూర్చుంటే తిహోమీర్‌కూ తల దిమ్మెక్కేది. చేసిన పాపం ఊరికే పోతుందా అనుకునేవాడు.

ఇవాళ ఆమె పాలిపోయిన ముఖం చూసి ఇక తట్టుకోలేకపోయాడు.

"వదినా, నీకో మాట చెప్పాలి. ఆ తీగలు..."

"ఆ తీగల్లో ఇంకా కరెంటే లేదమ్మా," అన్నాడు ఇంజినీరు. "అవతల సబ్‌స్టేషన్ పూర్తి కాలేదు. మంచు కరిగాక గానీ ఇవ్వరు. చూడండి, ముల్లు కదిలితే ఒట్టు."

తిహోమీర్ గుండెల మీంచి బండ దిగింది. "విన్నావా వదినా! నేను మొత్తుకోలేదూ!"

"నువ్వేదో చెప్పాలన్నావు?"

"ఏం లేదు, కాఫీ బాగుందని!" మిగిలిన కాఫీతో పాటు ఆ మాట కూడా మింగేశాడు.

ఇంజినీరు ఆ మాటలు పట్టించుకోలేదు. కణతలు నొక్కుకుంటూ మండుతున్న పొయ్యిని చూశాడు. కిటికీ పట్టుకుని లాగాడు. రాలేదు. పరుగున వెళ్ళి తలుపు బార్లా తీశాడు.

"వచ్చి ఎంతో సేపు కాలేదు, నాకే తల పగిలిపోతోంది! ఇది పొయ్యిలోంచి వచ్చే విషవాయువు, బయటికి పోయే సందు లేక గదిలోనే నిండిపోతోంది. ఇంకొన్నాళ్ళుంటే ప్రాణం పోయేది. గదిని ఇలా బిగించేసింది ఎవరమ్మా?"

దేసాంక ముఖం వెలిగింది. ప్రేమగా తిహోమీర్ భుజం తట్టింది.

"ఇంకెవరు బాబూ, మా తిహోమీరే! నా బాధ చూడలేక, ఒక్క సందైనా వదల్లేదు."